బయ్యమ్మ, కుప్పం పొడి

పుంగనూరుకు దగ్గర్లో ఉన్న మా పల్లెలో బయ్యమ్మను అందరూ అనుమానాల బయ్యమ్మ అనేవాళ్ళు. ఆమె ఎదురుగా అన్నా కోపం తెచ్చుకునేది కాదు. సంతలో చింతపండు కొంటే ముద్దను నడిమికి విరిచి, లోపల గింజలు కలిపినారేమో చూసుకొని గానీ బుట్టలో వేసుకునేది కాదు. పాలు తెచ్చే మనిషి ముందే చెంబులో వేలు ముంచి చూసేది. కొడుకు మునికృష్ణ చిన్నప్పుడు జ్వరమని బడి ఎగ్గొడితే నుదురు ముట్టుకొని వదిలేసేది కాదు, చంకలో చెయ్యి పెట్టి చూసి బడికి తరిమేది. ఈ సంగతుల్లో నేను చూసింది కొంత, తర్వాత ఆమె నోట విన్నది కొంత.

ఆమె పుట్టింది గంగవరం పక్క పల్లెలో. నారాయణస్వామిని పెళ్ళి చేసుకొని మా ఊరికి వచ్చింది. వాళ్ళకు మెట్ట చేను, దాని మధ్య ఒక బావి. చేన్లో వేరుశనగ, రాగి. డెబ్బయ్యో దశకం మొదట్లో బావి కింద మలబరి వేసి పట్టుపురుగులు మేపడం మొదలుపెట్టినారు. ఆ పనికి ఆమె గుణం బాగా కలిసొచ్చింది. కాళ్ళు కడుక్కోనిదే పురుగుల గదిలోకి ఎవర్నీ రానిచ్చేది కాదు. బీడీ తాగి వచ్చినవాళ్ళను గడప బయటే నిలబెట్టి మాట్లాడి పంపేది. ఒక ఏడాది మా పల్లెలో ఇంటింటా పురుగులు సున్నపుముక్కల్లా బిగుసుకుపోయి చచ్చిపోతే, ఆమె తట్టల్లో మాత్రం పట్టుగూళ్ళు నిండుగా దిగినాయి. ఆ ఏడాది నుంచి ఆమెను చూసి నవ్వేవాళ్ళు కొంచెం తగ్గినారు.

నారాయణస్వామిది పూర్తిగా వేరే తీరు. ఎవరు ఏం చెప్పినా "ఔనా!" అని కళ్ళు పెద్దవి చేసుకొని వినేవాడు. దారిన పోయేవాళ్ళను పిలిచి మజ్జిగ ఇచ్చేవాడు. ఆయనకున్న కష్టమల్లా ఉబ్బసం. వేరుశనగ కాయ కొట్టే రోజుల్లో ఆ దుమ్ముకు, చలికాలంలో మంచుకు ఊపిరి అందేది కాదు. మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని, పిల్లనగ్రోవి పగిలినట్టు ఈల చప్పుడుతో గాలి పీల్చేవాడు. పుంగనూరు ఆసుపత్రిలో ఇచ్చిన బిళ్ళలు తింటే గుండె దడ, చేతుల వణుకు. కొంచెం తగ్గేది, మళ్ళీ మామూలే.

డెబ్బయ్యెనిమిదిలో ఆయన పెదనాయన కొడుకు కృష్ణప్ప వచ్చి కుప్పం సంగతి చెప్పినాడు. కృష్ణప్పకు మోకాళ్ళ నొప్పులు. ఒకప్పుడు కర్ర లేనిదే లేచేవాడు కాదు. ఆ రోజు కర్ర లేకుండా గట్లు దాటుకొని వచ్చినాడు.

"కుప్పంలో ఒగాయప్ప ఉండాడు, వెంకటముని అని. అడివి మూలికల పొడి ఇస్తాడు. నొప్పులకు, ఆయాసానికి, అన్నిటికీ అదే పొడి. నన్ను సూడు తమ్ముడా, కూసోని లేస్తాండా."

"అన్నిటికీ ఒగే పొడి ఎట్లయితాది బావా?" అని బయ్యమ్మ లోపల్నుంచే అడిగింది.

"నీకు అన్నీ అనుమానాలే తల్లీ," అని కృష్ణప్ప నవ్వినాడు.

వెంకటముని మందిచ్చే గురువారం నాడు మొగుడూ పెళ్ళాం పలమనేరు మీదుగా బస్సులో కుప్పం పోయినారు. బజారు వెనక సందులో ఒక పెంకుటింటి ముందు జనం. కొందరు అరవంలో మాట్లాడుకుంటున్నారు, కొందరు కన్నడంలో. వెంకటముని నడివయసు మనిషి, తెల్లటి బట్టలు, మెత్తని గొంతు. నారాయణస్వామి చెయ్యి పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఏం తింటావు అని ఒక్క మాటా అడగలేదు. కాగితం పొట్లాలు కొన్ని కట్టి ఇచ్చినాడు.

"దినానికి రెండు పూటలు, తేనెలో. వంకాయ తినగూడదు. ఇంగో మాట. ఈ మందు తింటాండేది ఏ డాక్టరుకీ చెప్పకూడదు. చెప్తే దాని గుణం పోతాది."

"నోటితో చెప్తే మందు గుణం యాల పోతాదప్పా?" అని బయ్యమ్మ అడిగింది.

వెంకటముని ఆమెను ఒకసారి నిదానంగా చూసినాడు. "నమ్మకం లేని ఇంట్లో ఏ మందూ పనిచెయ్యదమ్మా," అన్నాడు.

మందు పనిచేసింది. ఇందులో దాపరికం లేదు. మూడో పూటకే ఈల చప్పుడు తగ్గింది. వారం తిరిగేసరికి నారాయణస్వామి చింతచెట్టెక్కి కొమ్మలు దులిపినాడు. పొద్దున రెండు సంగటి ముద్దలు తిని, పది గంటలకే మళ్ళీ ఆకలన్నాడు. ఆ చలికాలం మంచం మీద నిటారుగా పడుకొని నిద్రపోయినాడు. ఇంట్లో ఏళ్ళ తర్వాత అంత నిశ్శబ్దంగా తెల్లవారింది. ఆ నిశ్శబ్దానికి బయ్యమ్మకు సంతోషం కలిగింది. భయం కూడా వేసింది. ఎప్పుడూ ఉన్న చప్పుడు ఒక్కసారిగా ఎక్కడికి పోయిందా అని చెవి ఒగ్గి వింటూ ఉండేదట.

ప్రతి నెలా ఆయన కుప్పం పోయి పొట్లాలు తెచ్చుకునేవాడు. ఊళ్ళో అందరూ "స్వామన్న ఒళ్ళు చేసినాడు" అన్నారు. నిజమే, మొగం పున్నమి చంద్రుడి మాదిరి గుండ్రంగా అయింది. చెంపలు ఎర్రగా ఉబ్బినాయి. మెడ వెనక ఎద్దు మూపురం మొలుస్తున్నట్టు కండ పెరిగింది. చూసినవాళ్ళందరికీ అది ఆరోగ్యం. నీళ్ళు పోసేటప్పుడు ఒంటి మీద చొక్కా లేకుండా చూసేది బయ్యమ్మ ఒక్కతే. మొగం లావైన మనిషికి చేతులూ కాళ్ళూ ఎందుకు సన్నబడినాయి? పిల్లల్ని కన్న ఆడవాళ్ళ కడుపు మీద ఉండే చారలు మొగవాడి కడుపు మీదికి ఎట్లా వచ్చినాయి, అదీ నేరేడు పండు రంగులో? ఎద్దు పగ్గం ముంజేతికి ఒరుసుకుంటే చర్మం తడి కాగితంలా లేచొచ్చింది. ఆ పుండు మానడానికి నెల పైనే పట్టింది.

ఇంకోటి ఆమెను ఎక్కువగా కలత పెట్టింది. ఆయన నవ్వు తగ్గింది. చిన్నదానికీ పెద్దదానికీ అరిచేవాడు. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందని చట్టి ఎత్తి వాకిట్లోకి విసిరినాడు. తర్వాత పెంకులు ఏరుకుంటూ, తానేం చేసినాడో తనకే అర్థం కానట్టు కూర్చున్నాడు.

"ఈ పొడిలో ఏందో ఉండాది," అని ఆమె కొడుకుతో అనింది.

మునికృష్ణకు అప్పటికి మీసాలొచ్చినాయి. "అమ్మా, నాయన ఊపిరి పీలుస్తాండాడు గదా. నీకేం కావల్ల ఇంగా?" అన్నాడు. ఊళ్ళో అంతకంటే మోటుగానే అన్నారు. మొగుడు కోలుకుంటే ఓర్వలేని ఆడది అని ఆమె చెవిన పడేటట్టే అనుకున్నారు.

బయ్యమ్మ ఒక పొట్లం విప్పి నాలుక మీద వేసుకుంది. ముందు శొంఠి ఘాటు, పిప్పళ్ళ కారం తగిలినాయి. అవి కరిగినాక నాలుక వెనక్కి ఒక చేదు పాకింది, వేరుదీ కాదు, ఆకుదీ కాదు. మరుసటి రోజు పాత ధోవతి గుడ్డ గిన్నె మీద బిగించి కట్టి, ఆ పొడిని జల్లించింది. మెత్తని పొడి కిందికి దిగింది. గుడ్డ మీద నలగని పలుకులు కొన్ని మిగిలినాయి. వాటిల్లో ఒకటి తెల్లగా, అరచందమామ ఆకారంలో ఉంది. దాని మీద సన్నటి గీత, ఎవరో కొలిచి గీసినట్టు.

ఈసారి ఆయనతో పాటు ఆమె కూడా కుప్పం పోయింది. జనం ముందే కొంగుముడి విప్పి ఆ ముక్కను వెంకటముని చేతిలో పెట్టింది.

"ఇది ఏమప్పా?"

"పటిక ముక్క. మూలికల్లో కలుపుతాం."

"పటికకు నడిమధ్య గీత యాడుంటాది?"

వెంకటముని మెత్తగా నవ్వి ఆమెను వదిలేసి నారాయణస్వామి వైపు తిరిగినాడు. "మీ ఇంటామె చెయ్యి తగిలితే ఇది పనిచెయ్యదు స్వామీ. ఇంకమీద నువ్వే దాచుకో."

అక్కడున్న వాళ్ళంతా ఆమె వైపు చూసినారు. నారాయణస్వామికి తల కొట్టేసినట్టయింది. తిరుగు బస్సులో ఆయన ఒక సీట్లో, ఆమె ఇంకో సీట్లో కూర్చున్నారు. ఇల్లు చేరినాక పొట్లాలన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆయన పెళ్ళాం నుంచి ఒక వస్తువు దాచడం అదే మొదలు.

తాళం వేసేంత మందు ఎలాంటిది? ఆ ప్రశ్న ఆమెను కుదురుగా కూర్చోనియ్యలేదు. మనిషిని ఈ పొడి లోపల్నుంచి తినేస్తోందని ఆమెకు గట్టిగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే వినేవాళ్ళు లేరు. ఆయన స్నానానికి పోతూ తాళంచెవి విప్పి చిలక్కొయ్యకు తగిలించిన ఒక పొద్దున పెట్టె తీసింది. పొట్లాల్లోని పొడి పెరట్లో గుంట తీసి పూడ్చేసింది. శొంఠి, పిప్పళ్ళు దంచి, రంగుకు మాడ్చిన రాగిపిండి కలిపి, అవే కాగితాల్లో అవే మడతలతో మళ్ళీ కట్టి పెట్టింది. ఆయాసం తిరిగొస్తే పాత బిళ్ళలు ఉండనే ఉన్నాయి, అని ధైర్యం చెప్పుకుంది.

రెండో రోజుకు ఈల చప్పుడు మొదలైంది. ఆమె కషాయం కాచి ఇచ్చింది. విషం దిగిపోతోంది, కొంచెం కష్టంగానే ఉంటుంది అనుకుంది. మూడో రోజు ఆయన సంగటి ముట్టలేదు, ఒళ్ళంతా పిండినట్టుంది అన్నాడు. ఆ మరుసటి పొద్దున మలబరి ఆకు కోస్తూ వాంతి చేసుకున్నాడు. లేచి నిలబడబోయి చాళ్ళ మధ్యలో కూలిపోయినాడు. ఆమె పరుగెత్తి చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు చల్లగా, చెమటతో జారిపోతా ఉంది. పిలిస్తే కళ్ళు తెరుస్తాడు, చూపు నిలవదు.

పుంగనూరులో అద్దె కారు మాట్లాడి మదనపల్లెకు తీసుకుపోయినారు. దారి పొడుగునా మునికృష్ణ తండ్రి తల ఒళ్ళో పెట్టుకొని "ఆయాసమే గదమ్మా, ఆయాసమే గదా" అంటూ ఉన్నాడు. అది ఆయాసం కాదని బయ్యమ్మకు తెలుస్తానే ఉంది.

ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ పేరు సుభద్రమ్మ. వయసు నలభై దాటి ఉంటుంది. రక్తపోటు చూసి, మొగం చూసి, చొక్కా ఎత్తి కడుపు మీది చారలు చూసింది. చూసినాక నిటారుగా నిలబడింది.

"ఈయన ఏం మందు తింటాండాడు?"

"ఏమీ లేదమ్మా. ఉబ్బసం బిళ్ళలు, అంతే," అని మునికృష్ణ అన్నాడు.

"అది కాదు. ఇంకోటి తిన్నాడు, చాలా నెలలుగా. ఏంది అది? ఎప్పుడు ఆపినాడు?"

మునికృష్ణ నేల చూపులు చూసినాడు. డాక్టరుకు చెప్పకూడదన్న మాట వాడికీ తెలుసు. బయ్యమ్మ డాక్టరమ్మ మొగంలోకి చూసింది. ఈమెను మాత్రం ఎందుకు నమ్మాలి? చెప్తే పోలీసుల దాకా పోతుందేమో, మొగుడికి మందు మార్చిన ఆడదాన్ని ఊరు బతకనిస్తుందా? మంచం మీద ఆయన పెదవులు పాలిపోతున్నాయి.

"కుప్పం పొడి," అనింది. "నేనే ఆపినా. ఆయనకు తెలీదు. పొడి తీసేసి శొంఠి కట్టి పెట్టినా."

మునికృష్ణ తల్లి వైపు తిరిగి చూసిన ఆ చూపును ఆమె చనిపోయేదాకా మర్చిపోలేదు.

డాక్టరమ్మ నర్సుకు ఏదో చెప్పి, సెలైను ఎక్కించి, సూది మందు తెప్పించింది. సూది చేతిలోకి తీసుకున్నాక బయ్యమ్మ అడ్డం వచ్చింది. "అది ఏ మందో చెప్పండి ముందు."

"ఆ పొడిలో కలిపిన మందే. దాని జాతిదే."

"ఆ మందే నా మనిషిని ఇట్ల చేసింది. మళ్ళా అదే ఏస్తారా?" ఆమె రెండు చేతులూ చాపి మంచానికి అడ్డంగా నిలబడింది.

డాక్టరమ్మ అరవలేదు. సూది చేతిలో పట్టుకొనే గబగబా చెప్పింది. "చూడమ్మా. మన మూత్రపిండాల మీద చిన్న చిన్న గ్రంథులుంటాయి. రోజూ ఒక రసం ఊరిస్తాయి. హార్మోను అంటారు. అది లేకపోతే రక్తపోటు నిలవదు, మనిషి బతకడు. ఆ రసం లాంటిదే బిళ్ళగా చేస్తారు. ఆ బిళ్ళలు నూరి పొడిలో కలిపినాడు వాడు. బయట నుంచి ధారగా వస్తాంటే లోపలి గ్రంథులు పని మానేసినాయి. నువ్వు బయటిది ఒక్కసారిగా ఆపేసినావు. లోపల ఇచ్చేవాళ్ళు లేరు."

బయ్యమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "కరెంటు మోటారు పెట్టినాక నీళ్ళు తోడే కపిల ఎద్దుల్ని అమ్మేస్తిమి. కరెంటు పోయిందంటే బాయిలో నీళ్ళున్నా తోట ఎండిపోతాది. అట్లనా?"

"అట్లనే. జరుగు."

ఆమె జరిగింది. సూది పడి, సెలైను సగం దిగేసరికి నారాయణస్వామి మొగంలోకి రంగొచ్చింది. సాయంత్రానికి లేచి కూర్చొని కాఫీ అడిగినాడు.

సుభద్రమ్మ తర్వాత ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. "నీ అనుమానం తప్పు కాదు. చేసిన పని తప్పు. ఆ మందూ చెడ్డది కాదమ్మా. పెద్ద ఆయాసం వచ్చినప్పుడు నాలుగు రోజులు ఇస్తే ప్రాణం నిలబెడతాది. నెలల తరబడి, ఎంతో తెలీకుండా తింటే ఎముకలు గుల్లబారతాయి, కళ్ళల్లో పొర వస్తాది, చక్కెర రోగం వస్తాది, పుండ్లు మానవు. ఇప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటా రావల్ల. నెలలు పడతాది. మధ్యలో జ్వరమొచ్చినా, వాంతులైనా, పరుగెత్తుకొని రండి."

నిజం మునికృష్ణే తండ్రికి చెప్పినాడు. నారాయణస్వామి అరవలేదు, చట్టి విసరలేదు. "నాకు తెలీకుండా నా మందు మారిస్తివి. నేను పోయింటే ఏం చేస్తావు?" అని మాత్రం అడిగినాడు.

ఇంటికొచ్చినాక డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళలు కొడుకు చేతి నుంచి తప్ప తీసుకునేవాడు కాదు. ఆమె కాఫీ ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకొని ఒకసారి వాసన చూసి తాగేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని ఒక క్షణం ఆగేవాడు. ఎవర్ని పడితే వాళ్ళను నమ్మిన మనిషికి ఇప్పుడు అనుమానం పట్టుకుంది, అదీ పెళ్ళాం మీద. బయ్యమ్మ చూసీ చూడనట్టు పొయ్యి వైపు తిరిగేది. మనిషి దక్కినాడు కదా అని సర్దుకోవాలనుకునేది. అంతలోనే ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోవడం కంటపడేది.

బిళ్ళ ముక్కలు సగమై, పావై, తగ్గుతూ వచ్చినాయి. కుప్పం సంగతి సుభద్రమ్మ పైవాళ్ళకు తెలియజేసింది. కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం కృష్ణప్ప కర్ర పట్టుకొని, ఆపసోపాలు పడుతూ వాళ్ళ అరుగు మీద కూలబడినాడు.

"సంతోషమా తల్లీ? వెంకటముని ఇల్లు తాళం ఏసుకొని పోయినాడు. నాలుగు దినాలాయె, పొడి లేదు నాకు. ఒంట్లో సత్తువ లేదు, వాంతి వస్తాండాది. నీ నోటి పుణ్యమే ఇది."

బయ్యమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. అట్లా పాలిపోయిన మొగం ఆమె ముందే చూసింది. "బావా, లెయ్. ఇప్పుడే మదనపల్లెకు పోవల్ల."

"నీతో యాడికీ రాను. మొగుడికే మందు మార్చిన దానివి నువ్వు."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ మాట ఊరంతా అనుకుంటున్నదే. అరుగు చివర కూర్చున్న నారాయణస్వామి లేచినాడు. కృష్ణప్ప ఎదురుగా నిలబడి, ఆయన చెయ్యి పట్టుకొని ముంజేతి చర్మం పైకి లాగినాడు. "నీకూ ఇట్లనే లేచొస్తాండాది గదన్నా? కడుపు మీద చారలుండాయా లేదా? నేను చచ్చి బతికినా. పద, నేను వస్తా నీతో."

కృష్ణప్ప తమ్ముడి మాట విన్నాడు. ఆసుపత్రిలో ఆయనకూ అదే సూది వేసినారు.

ఆ రాకపోకల్లోనే బయ్యమ్మకు ఇంకోటి తట్టింది. కుప్పం సందులో గురువారం నిలబడే జనమంతా ఇప్పుడు పొడి లేకుండా ఉంటారు. వాళ్ళల్లో ఎంతమందికి కృష్ణప్పలా అయి ఉంటుంది? వెంకటముని ఇల్లు మూతబడడానికి కారణం తాను. "కుప్పం పోతాండా," అనింది ఆ బుధవారం. నారాయణస్వామి ఆమె వైపు చూసి, "నువ్వొగదానివి చెప్తే ఎవురు నమ్ముతారు?" అని భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు.

మరుసటి రోజు కుప్పంలో, తాళం వేసిన తలుపు ముందు జనం ఉన్నారు. సంగతి తెలియక వచ్చినవాళ్ళు, ఆయన మళ్ళీ వస్తాడని కాచుకున్నవాళ్ళు. బయ్యమ్మ మెట్టు మీద నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. పొడిలో ఇంగ్లీషు బిళ్ళలు కలిపినారని, ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే వస్తుందని, పెద్దాసుపత్రికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పమని. కొందరు విన్నారు, కొందరు మొగం తిప్పుకున్నారు. రాములమ్మ అనే ఆడమనిషి పదేళ్ళ కొడుకును చంకకు ఆనించుకొని ముందుకొచ్చింది. బిడ్డ చెంపలు గుండ్రంగా, ఎర్రగా ఉన్నాయి. వయసుకు తగ్గ పొడుగు లేడు.

"ఈ పొడి తిన్నంక నా బిడ్డ బడికి పోతాండాడు. దానికి ముందు నడవలేక ఎత్తుకొని తిరిగితిని. ఈ తలుపు మూయించింది నువ్వేనా? ఇప్పుడు వాడికి ఊపిరి నువ్విస్తావా?"

బయ్యమ్మకు తన ఇల్లు నిశ్శబ్దంగా తెల్లవారిన ఆ పొద్దులు గుర్తొచ్చినాయి. ఆ బిడ్డ తల్లి చెప్పేది అబద్ధం కాదు.

అప్పుడు నారాయణస్వామి, నడి బజారులో, చొక్కా పైకెత్తినాడు. నేరేడు రంగు చారలు అప్పటికి కొంచెం పాలిపోయినాయి గానీ పోలేదు. "నాకూ ఊపిరిచ్చింది తల్లీ ఈ పొడి. కాదనను. నన్ను ఇట్లా కూడా చేసింది. ఈమె నన్ను మదనపల్లెకు తీసుకపోకుంటే ఈడ నిలబడేవాడిని కాను. ఆడ డాక్టరమ్మ మళ్ళా అదే మందిస్తాది, కొలిచి ఇస్తాది. బిడ్డను తీసుకపో."

సాయంత్రం బస్సు దాకా వాళ్ళిద్దరూ అక్కడే నిలబడి వచ్చినవాళ్ళకల్లా చెప్పినారు. తర్వాత సుభద్రమ్మ దగ్గరికి కుప్పం వైపు నుంచి కొందరు వచ్చినారని తెలిసింది. వెంకటముని అరవనాడు సరిహద్దు దాటి ఇంకో ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడని, కొందరు అక్కడికే పోతున్నారని కూడా తెలిసింది. రాములమ్మ ఏ దారిన పోయిందో బయ్యమ్మకు ఎప్పటికీ తెలియలేదు. ఆమె సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేసేది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. వి.కోట దాటినాక నారాయణస్వామి ఆమె మూటలోంచి తానే అటుకులు తీసుకొని తిన్నాడు.

ఆ పొడి చేసిన చెడుపు పూర్తిగా పోలేదు. నారాయణస్వామి నడుము కొంచెం వంగింది, ఎత్తు తగ్గినాడు. ఎనభై మూడులో రెండు కళ్ళకూ పొర తీయించినారు. చలికాలం వస్తే ఆయాసం మామూలే. ఎనభై ఐదులో ఒకసారి పెద్ద ఆయాసం వచ్చి తగ్గినాక సుభద్రమ్మ కొత్త మందు చూపించింది. చేతిలో పట్టేంత చిన్న గొట్టం, నొక్కితే తుంపర వస్తుంది, దాన్ని నోటితో పీల్చాలి.

"దీంట్లో ఏముండాది?" అని బయ్యమ్మ అడిగింది.

"ఆ జాతి మందే. దాచడం ఎందుకు? చాలా కొంచెం, నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతాది. ఒళ్ళంతా పాకేది తక్కువ. పీల్చినాక నోరు పుక్కిలించి ఉమ్మేయల్ల, లేకుంటే నోరు పూస్తాది."

"ఎన్నాళ్ళు? ఆపాలంటే ఎట్ల ఆపల్ల? జ్వరమొస్తే? మళ్ళా ఎముకలు, కళ్ళు?" ఆమె అడుగుతూనే ఉంది. బయట వరుసలో ఉన్నవాళ్ళు తొంగి చూసినారు. సుభద్రమ్మ కుర్చీ వెనక్కి వాలి, తెలిసినవాటికి తెలుసని, తెలియని వాటికి తెలియదని చెప్పింది. "చానా ఏళ్ళు వాడితే ఏమవుతాదో ఇంకా పూర్తిగా తెలీదమ్మా. ఆయాసంతో ఉంటే ఏమవుతాదో మాత్రం తెలుసు."

డాక్టరమ్మ గొట్టం నారాయణస్వామికి ఇవ్వబోతే, ఆయన కళ్ళద్దాలు సర్దుకొని, "ఆమె చేతికియ్యండి," అన్నాడు.

బయ్యమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కిటికీ దగ్గరికి పోయి ఒకసారి గాల్లోకి నొక్కి, ఆ తుంపర వాసన చూసింది. వెనక్కి వచ్చి ఆయన నోటి దగ్గర పెట్టి, "ఊ, పీల్చు," అనింది.